కెరెన్ ఇంటి రాయితీ

నగరంలోని ఇన్సేన్ పేటలో రైలు పట్టాల వైపు కిటికీ ఉన్న మూడో అంతస్తు వాటా కెరెన్‌ది. లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు చొక్కాలకు కాలర్లు కుట్టి కొనుక్కుంది. వానలకు గోడల మీద నాచు పడితే, ఆ పచ్చదనమూ తనదేనని మురిసిపోయేది. సొంతదారే కాపురముంటున్న ఇల్లు కాబట్టి పన్నులో ఏటా రాయితీ వచ్చేది.

ముప్పై ఆరో ఏట చర్చిలో ఎలీజాను చేసుకుంది. అతనూ ఆ వాటాకే వచ్చాడు. పెళ్లయినవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఇద్దరికీ కలిపి ఒక్క ఇంటికే రాయితీ. ఇద్దరూ కలిసే వార్డు ఆఫీసుకు వెళ్లారు.

గుమాస్తా కుర్చీకి కట్టిన ప్లాస్టిక్ సంచిలో కిళ్ళీ ఉమ్మి, మూతి తుడుచుకున్న వేలితోనే పేజీ తిప్పాడు. ఆ ఇంట్లో ఉండేవాళ్ల పేర్లు రాసే కుటుంబ పట్టికలో నీ పేరే లేదన్నాడు. నెల కిందట ఊరికి ఆ చివర తాకేటాలో అత్తగారింటి పట్టికకు మారిందట. ఎలీజా పేరున ఉన్న ఆ ఇంటికి దంపతుల రాయితీ కూడా మంజూరైపోయిందట. ఇక్కడ సొంతదారు లేరు గనక దీన్ని అద్దె ఇల్లని రాస్తారట.

కెరెన్‌కు గుర్తొచ్చింది. పెళ్లయిన వారంలో అత్తగారు ఎస్తేరమ్మ తమ ఇంటి పట్టికను బైబిలు మీద పెట్టి, పాస్టరు చేత ప్రార్థన చేయించింది. కోడలి పేరు ఎక్కించడం వాళ్లింటి ఆచారం. సగం మూసిన కళ్లతో, ముందుకు జరిపినది చర్చి కాగితమే అనుకుని కెరెన్ సంతకం పెట్టింది.

ఎలీజా నేల చూస్తున్నాడు.

"నీకు తెలుసా?"

"అమ్మ ముచ్చటపడింది. రాయితీ ఏ ఇంటికొస్తే ఏటి, మనదే కదా?"

ఎవరిదో ఎంగిలి తన నోట్లో పడ్డట్టయింది ఆమెకు. ఆ ప్రార్థన, ఆ ఆమెన్, తన తల మీద ఆనిన అత్తగారి మెత్తటి చెయ్యి, అన్నీ ఆ సంతకం కోసమే.

రెండు దారులున్నాయన్నాడు గుమాస్తా. ఇద్దరి పేర్లూ ఇక్కడికి మార్చుకోవచ్చు, భార్య ఇంటిపెద్దగా. లేదా భర్త వేరుగా ఉంటున్నాడని రాసి, తన పేరొక్కటే ఇక్కడికి తెచ్చుకుని ఆమె ఒక్కతే రాయితీ అడగొచ్చు.

కెరెన్ కాగితం భర్త ముందుకు జరిపింది. "ఇద్దరి పేర్లూ ఇక్కడికే. సంతకం పెట్టు, ఎలీజా."

"ఒక్కమాట అమ్మనడుగుతాను" అని ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోయాడు. అక్కడినుంచి అతని గొంతు పాలమీగడలా మెత్తగా వినిపిస్తోంది. గుమాస్తా ఎర్రటి పళ్లతో నవ్వి, ఇలాంటి మొగుళ్లను రోజూ చూస్తానన్నాడు. ఊరు చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలొకటి మొత్తం దాటిపోయింది. అప్పుడొచ్చాడు.

"ఆదివారం ఇంటికొస్తే మాట్లాడదాం అంటాంది."

కెరెన్ కాగితం వెనక్కి లాక్కుని, భర్త నివాసం దగ్గర 'వేరు' అని రాసింది. ముద్ర పడింది.

మెట్లు దిగుతుంటే అతను వెనకే వచ్చి, అంత మాట రాసీసినావేటని అడిగాడు.

"అబద్ధం రాయలేదు" అంది. "తాకేటా బస్సు అటు ఆగుతాది. ఎక్కు."

ఆమె ఇంటి వైపు నడిచింది. మూల మీద ఒకసారి ఆగి, మురిక్కాలువలోకి ఉమ్మేసింది.