పాత లారీకి కొత్త గ్యాసు

ముత్తంగి దగ్గర నేను ఏసీ రిపేరు షాపు పెట్టిన కొత్తలో, విదేశాల నుంచి దిగుమతైన పాత లారీని ఒక పెద్దాయన తెచ్చారు. ఆయన దాని డ్రైవరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల రసాయనాల డ్రమ్ములు మోసే బండి కాబట్టి, ఘాటు లోపలికి రాకుండా అద్దాలు మూసే ఉంచాలి. ఏసీ లేకపోతే క్యాబిన్‌లో ఊపిరాడదు. ఆ ఏసీలో వాడే పాత రకం గ్యాసు అప్పటికి బజారులో దొరకడం మానేసింది.

"కొత్త గ్యాసుకు మార్చొస్తదా బేటా?" అని అడిగారు.

నేనెప్పుడూ మార్చలేదు. ఆ మాట చెప్పడం నామోషీ అనిపించి, "అయితది చాచా" అన్నాను. పాత గ్యాసు తీసేసి కొత్తది నింపాను, అంతే. కంప్రెసర్‌లోని పాత నూనె కొత్త గ్యాసుతో కలవదని నాకు తెలియదు.

పదిహేను రోజులకు నూనె అందక కంప్రెసర్ బిగుసుకుపోయింది. చాచా చెమటకు తడిసిన చొక్కాతో వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. నేను ఉన్నదంతా ఒప్పుకున్నాను.

"తెల్వకుంటే తెల్వదను. నేను ఇంకో దినం ఆగుతుంటి," అన్నారు, గొంతు పెంచకుండా. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

మర్నాడు హైదరాబాదు వెళ్లి, పని తెలిసిన మెకానిక్ పక్కన రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నాను. వేరే కంప్రెసర్ నేనే కొని వేసి, పైపులు కడిగి, నూనె, రబ్బరు రింగులు, తేమ పీల్చే డబ్బా అన్నీ మార్చాను. ఈసారి ముందే చెప్పాను: "పాతంత సల్లగ ఉండదు చాచా. పగటీలి జెర తక్కువైతది."

"గట్ల చెప్పు," అని ఆయన తల ఊపారు. ఆ లారీ తుక్కుకు పోయేదాకా నా దగ్గరికే వచ్చింది.