గాజు గిన్నెలో బీన్స్ డిప్

2006లో, తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు నిశ్చితార్థానికి టీవీలో చూసిన బీన్స్ డిప్, చిప్స్ ముంచుకుని చల్లగా తినేది, చేశాను. మెదిపిన రాజ్మా, గడ్డపెరుగు, టమాటా, చీజ్ పొరలుగా కనబడాలని గాజు గిన్నెలో పేర్చి ఫ్రిజ్‌లో పెట్టాను.

చీర మార్చుకుంటుండగా వంటింట్లో బాంబు పేలినట్టయింది. పరుగెత్తాను. గాజుపెంకులు నేలంతా చెదిరి పడి ఉన్నాయి. రాజ్మా ముద్దలు గోడల నుంచి జారుతున్నాయి. అత్తయ్యగారి మోచేతిలో గాజుముక్క దిగబడి, రక్తం ధారగా కారుతోంది. పక్కనే గ్యాసు పొయ్యి ఇంకా మండుతోంది.

"వియ్యాలవారికి చల్లారిపోయిన కూర పెడితే ఏవనుకుంటారమ్మా? వేడి చేద్దామని పొయ్యి మీద పెట్టాను" అన్నారావిడ.

నాకు ఒళ్లు మండిపోయింది. అరవాలో, కట్టు కట్టాలో తెలియలేదు.

ఇప్పటికీ ఆ డిప్ చేస్తాను, స్టీలు గిన్నెలో. పొరలు కనబడవు. వడ్డించే అత్తయ్యగారి మోచేతి మీద మచ్చ మాత్రం కనబడుతుంది.