పసరు వాసన నేర్పిన టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయిన ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. ఫిల్మ్‌నగర్‌లో మా వీధివాళ్లంతా చూడటానికి వచ్చారు. ఏడవబోయి, ఆమె మాటలు గుర్తొచ్చి నవ్వుకున్నారు. ఆమె చూసి ఉంటే సంతోషించేవారు.

ఆమె కాలేజీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. దారిలో ఏ ఆకు కనిపించినా తుంచి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసేవారు. "ముట్టకుండ చెట్టు గురించి మాట్లాడొద్దు బిడ్డా" అనేవారు. నా ఉద్యోగం మీదికి వచ్చేదాకా అదొక వెర్రి అలవాటనుకున్నాను.

నేను సినిమాల్లో కళాదర్శకుడి దగ్గర సహాయకురాలిని. కొన్నేళ్ల కిందట జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా హాల్లో పెరడు సెట్ వేశాం. సీన్‌లో చూపులేని అమ్మాయి చాలా ఏళ్లకు ఇంటికి వచ్చి, ఆకుల వాసన పట్టి తన పెరడును గుర్తుపట్టాలి. మేం పెట్టిన తీగలన్నీ ప్లాస్టిక్‌వి. నటి ఎన్నిసార్లు చేసినా దర్శకుడికి నచ్చలేదు.

"రేపు ఇక్కడ ఆకు వాసన రావాలి. లేకపోతే నువ్వు రానక్కర్లేదు" అన్నాడు నాతో.

సాయంత్రం టీచరమ్మకు చెప్పుకున్నాను. "పొద్దున్నే ఆకులు నూరి డబ్బాలో పట్టుకెళ్తానండీ."

ఆమె నవ్వారు. "డబ్బాల ఏం మిగుల్తది? ఆకుల కొవ్వు ఒకదిక్కు, ఎంజైములు ఒకదిక్కు ఉంటయి. నలిపితే రెండు కలుస్తయి. ఎంజైములు ఆ కొవ్వును గాలిల ఎగిరేంత చిన్న ముక్కలు చేస్తయి. గదే పసరు వాసన. సెకండ్ల పుడతది, జర సేపట్ల పోతది."

"పోనీ, దుమ్ము పోయేలా ఆకులే వేడినీళ్లలో కడిగి తీసుకెళ్తే?"

"ఉడికితే ఎంజైములు సచ్చిపోతయి. నీతోని కాదు గని, నేనే వస్త."

మర్నాడు వాళ్ల గోడ మీది చిక్కుడాకులు, ఇంత గరిక సంచిలో వేసుకుని వచ్చారు. నటి వెనక, కెమెరాకు కనబడకుండా పీట మీద కూర్చున్నారు. 'యాక్షన్' అనగానే గుప్పెడు ఆకులు నలిపారు. నటి తల తిప్పింది, చెప్పాల్సిన మాట మరిచిపోయింది.

"ఇది మా అమ్మమ్మ వాళ్ల పెరడండీ" అంది.

రెండో టేకుకు మళ్లీ కొత్త ఆకులు నలిపారు. అదే ఓకే అయింది. దర్శకుడు పీట దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. "అసలు ఆకుకెందుకమ్మా ఈ వాసన?"

"పురుగు కొరికిందని చెప్పుకుంటది. పక్క చెట్లు విని ముందే తయారైతయి. మనకంటె నయం."

ఆయన నవ్వి, నన్ను మర్నాడు పెందలాడే రమ్మన్నాడు. ఈ రంగంలో నేను ఇంకా ఉన్నానంటే ఆ గుప్పెడు ఆకుల వల్లే.

ఆ రోజు షూటింగ్ అయ్యాక టీచరమ్మా నేనూ ఆటో ఎక్కాం. చేతులు కడుక్కోమంటే ఆమె వినలేదు. చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర, సంచిలో మిగిలిన గరిక నలిపి, పచ్చబడిన అరచేతిని డ్రైవర్ ముక్కు ముందు పెట్టారు.

"గిదేందో చెప్పు తమ్మీ."

అతను పీల్చాడు. "మా పొలం గట్టు అమ్మా."

గ్రీన్ పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అతను కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చాడు. టీచరమ్మ చెయ్యి తీయలేదు.