ముందు అమ్మవారిని దింపమ్మా

మా కింద వాటా బాబాయి గారు పోయారు. ఆ రోజు ఉదయం కుళాయి కింద బిందె పెడుతుంటే పిన్ని గారు గుమ్మంలోకి వచ్చి, "ఆయన లేవట్లేదమ్మాయ్" అన్నారు. నేను బిందె నిండేదాకా ఆగి, కుళాయి కట్టేసి, అప్పుడు వెళ్లాను. ఎందుకు ఆగానో తెలియదు. ఏడుపు ఇంకా రాలేదు.

ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. దెబ్బతిన్న బండ్లను ఆటోనగర్ షెడ్లలో చూసి, వాటి విలువ ఎంత తగ్గిందో రాసేవారు. డిప్రిసియేషన్, సాల్వేజ్, టోటల్ లాస్, స్క్రాప్. పదో తరగతితో ఆగిపోయిన నాకు ఈ ఇంగ్లీషు మాటలన్నీ ఆయన నోట వినే తెలుసు. ఇంట్లో వాటిని తన మీదే వాడుకునేవారు. మోకాళ్లు పట్టేస్తే, "రబ్బరు సామానమ్మా, సగానికి సగం డిప్రిసియేషన్" అని నవ్వేవారు. పిన్ని గారు కాఫీ అందిస్తూ, "నోరు మాత్రం షోరూమ్ కండిషన్" అనేవారు.

బండి దగ్గర మాత్రం ఆ మాటలు తొందరగా పైకి రానిచ్చేవారు కాదు. మన వైపు బండి కొంటే ముందు అమ్మవారి కొండ కిందకి తీసుకెళ్లి పూజ చేయిస్తాం కదా. ఏ బండిలో చూసినా అమ్మవారి పటమో, స్టిక్కరో ఉంటుంది. దాన్ని తీయించి ఓనరు చేతికిచ్చాకే ఆయన పెన్ను తీసేవారు. అమ్మవారు కూర్చున్న చోటుని స్క్రాప్ అని ఎలా రాయను అనేవారు.

వరదకి మా ఆటో మునిగింది. మా బతుకంతా దాని మీదే. నీళ్లు తీశాక బాబాయి గారు వచ్చి ఇంజను చూశారు. సీటు కింద చెయ్యి పెట్టి బురద తీసి చూశారు. రిపేరు అవుతుందా అని మా ఆయన అడిగారు. బాబాయి గారు నా వైపు తిరిగి, "ముందు అమ్మవారిని దింపమ్మా" అన్నారు.

మా ఆయన అక్కడే అరుగు మీద చతికిలబడిపోయారు. నేను పటం దింపాను. బాబాయి గారు తన జేబురుమాలుతో దాని అద్దం తుడిచి, "గాజుకి మా లెక్కలో డిప్రిసియేషన్ లేదు" అంటూ నా చేతిలో పెట్టారు. తర్వాత పొద్దుగూకేదాకా మా ఆయన పక్కనే, ఆ తడి అరుగు మీద కూర్చున్నారు. ఆ పటం ఇప్పుడు మా అద్దె ఆటోలో ఉంది.

నిన్న పిన్ని గారు, గేటు దగ్గర ఆయన స్కూటరు చూడలేకపోతున్నాను, ఎవరికైనా ఇచ్చేయండి అన్నారు. మా ఆయన ఆటోనగర్ నుంచి పాత బండ్లు కొనే అతన్ని తీసుకొచ్చారు. అతను చుట్టూ తిరిగి, టైరు మీద కాలితో తట్టి, ఏదో చెప్పబోయాడు.

"ఉండు బాబూ," అన్నాను. "ముందు అమ్మవారిని దింపనీ."

హ్యాండిల్ కింద స్టిక్కరు ఎండకి వెలిసిపోయింది. అమ్మవారి ముఖం తెలిసినవాళ్లే పోల్చుకోవాలి. తడిగుడ్డ అద్ది, గోటితో అంచు లేపుతూ నెమ్మదిగా తీశాను. స్కూటరంతా ఎప్పుడో బూడిద రంగుకి తిరిగింది. స్టిక్కరు కింద మాత్రం, అరచెయ్యంత మేర, షాపులోంచి తెచ్చిన నాటి నీలం అలాగే ఉంది.