గాజు కన్నుకు పెట్టిన బొట్టు

హైదరాబాదులో కాప్రా దాటాక ఉన్న ఒక గోదాంలో నేను పెట్టెలకు టేపు వేస్తాను. బడికి పోలేదు. అక్షరాలు మా అమ్మ పొయ్యి ముందు కూర్చోబెట్టి నేర్పింది. పెట్టెల మీది చిరునామాలు చదవగలిగినందుకే ఈ పని దొరికింది. అందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను.

పెట్టెలు ఎత్తే ఫోర్క్‌లిఫ్టు బండి వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకు మనుషులు సరిగ్గా కనపడరు. ఒకసారి అది నా కొంగును చక్రం కిందికి లాక్కుంది. పాత చీర కాబట్టి కొంగు చిరిగింది, నేను మిగిలాను. ఆ తర్వాతే బండి వెనక ఒక కెమెరా బిగించారు. మనిషి గానీ ఇంకేదైనా గానీ అడ్డం వస్తే మోత మోగించి, బండిని తనే ఆపేస్తుంది. ఇక మేము వెనక్కి చూడకుండానే నడిచేవాళ్లం. మోత లేదంటే దారి ఉన్నట్టే.

ఆయుధపూజ నాడు బండ్లకు బొట్లు పెట్టే పని నాకే అప్పజెప్పారు. చక్రాలకు, ముందున్న ఇనుప కొమ్ములకు పెట్టాను. చివరికి వెనకున్న కెమెరా గాజు కన్ను ముందు నిలబడ్డాను. మా ప్రాణాలు కాస్తున్నది ఇదే కదా అని చిక్కగా పసుపు మెత్తి, మధ్యలో కుంకుమ దిద్దాను. ఇంకెక్కడా అంత శ్రద్ధగా పెట్టలేదు.

మర్నాడు పొద్దున బండి కదలగానే మోత మొదలైంది, ఆగలేదు. గజం కదలడం, ఆగిపోవడం. దుమ్ము పట్టిందేమో అన్నారు కానీ ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. బయట లారీ నిలబడి ఉంది. సూపర్‌వైజరు తిట్లు లంకించుకున్నాడు. డ్రైవరు విసుగొచ్చి తన సీటు దగ్గరున్న కెమెరా వైరు పీకేశాడు. చెవులు చల్లబడ్డాయని మేమే నవ్వుకున్నాం.

గంట కాలేదు. నా పక్కన పనిచేసే అక్క పెట్టె ఎత్తుకుని నడిచే దారిలోనే పోతోంది. బండి వెనక్కి వచ్చి ఆమెను ఇనుప అరలకేసి నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు నా బల్ల దాకా వినపడింది. చక్రం పాదం మీదికెక్కి ఆగింది. చెప్పు ఏదో, మాంసం ఏదో తెలియలేదు. ఆమె నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది.

ఆమెను ఆటోలో ఎక్కించి పంపగానే హమాలీలు డ్రైవరు మీద పడ్డారు. బండిలోంచి ఈడ్చి, మేకులున్న చెక్కలతో కొట్టారు. పళ్లు ఊడి నేల మీద పడ్డాయి. వైరు పీకి మనిషిని తొక్కిస్తావా అని ఒక్కో దెబ్బకూ అడుగుతున్నారు. అప్పుడు నా చూపు బండి వెనక్కి పోయింది. నా బొట్టు ఎండి, కన్నును పూర్తిగా మూసేసి ఉంది.

ఎవరూ అటు చూడటం లేదు. నేను ఊరుకుంటే నా సంగతి ఎవరికీ తెలియదు, అతను మాత్రం చచ్చిపోతాడు. వెళ్లి అతని మీద అడ్డంగా పడ్డాను. ఒక దెబ్బ నా భుజం మీద దిగింది.

“కెమెరా మీద బొట్టు నేనే పెట్టిన. గందుకే అది మోగింది, గందుకే ఈయన వైరు పీకిండు. ఇగ కొడితే నన్ను కొట్టుండ్రి.”

నన్ను కొట్టినవాడు బండి వెనక్కి వెళ్లి గోటితో గీకాడు. పసుపు కింద గాజు మెరిసింది. చెక్కను గోడకేసి కొట్టి బయటికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు.

అక్కకు సగం పాదం తీసేశారు. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను.

“బొట్టు నొసట పెడతరు గానీ, కండ్లల్ల పెడతరానే ఎవరన్న?” అంది అక్క. నవ్వబోయి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆ రోజు నాకు దేవుడికి దండం పెట్టడానికి చేతులు రాలేదు.

డ్రైవరు మళ్లీ పనిలోకి రాలేదు. అక్క వచ్చింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని నాతోపాటే టేపు వేస్తుంది. మొన్న ఆయుధపూజకు కుంకుమ పళ్లెం నేను ముట్టుకోలేదు. తడిగుడ్డ పట్టుకుని బండి వెనక నిలబడ్డాను.

“తుడిచినవా?” అని అక్క కుర్చీలోంచే అడిగింది.

“తుడిచిన అక్కా.”

“ఇంకోసారి తుడువు.”

తుడిచాను.