కోసిన పలుపులు

తరిగొప్పుల పశువుల దవాఖానలో ఆరేళ్లు పనిచేశాక, పదవీ విరమణకు రెండేళ్లుందనగా, వానాకాలం మొదట్లో నన్ను మహబూబాబాద్ దగ్గరి ఒక మండలానికి పశువైద్యాధికారిగా బదిలీ చేశారు. చేరి మూడు నెలలు నిండకముందే వాగులన్నీ ఒక్కసారిగా పొంగాయి.

వరద తరువాత పశువైద్యుడికి ఏం పని ఉంటుందని చాలామంది అడుగుతారు. బతికిన పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. చచ్చినవాటికి శవపరీక్ష చేసి, సున్నం, ఉప్పు చల్లి లోతుగా పూడ్పించాలి. ఆ తరువాత ధ్రువపత్రం రాయాలి. అది లేనిదే పశువు పోయిన రైతుకు సర్కారు సాయం అందదు. కళేబరం కళ్లతో చూడాలి, ఫొటో తీయాలి, చెవికి వేసిన ట్యాగు నంబరు రాయాలి. కళేబరం కొట్టుకుపోయిన చోట సాక్షులతో పంచనామా రాసి, ఆ పేరును గ్రామసభలో పైకి చదవాలని మాకు సూచన వచ్చింది. ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆ పేరు పక్కన పెట్టాల్సిందే. సంతకం మాత్రం నాది. నిజం కాని పశువు మీద ఏనాడూ సంతకం పెట్టలేదన్న గర్వం నాకు ఉండేది. ఇప్పుడూ ఉంది.

జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే ఆ రోజుల్లో మేం మానుకోట అని పిలిచే మహబూబాబాద్ బస్టాండు దగ్గర ఒక చాయ్ తాగితే సరిపోయేది. "సర్కారు పైసలే కద సారూ, అందరి పేర్లు రాయుండ్రి, మీ ఇంట్లకెంచి ఇస్తున్నరా?" అనేవాడొకడు. "తండలకు ఎంత పెట్టినా ఆగమే" అనేవాడు ఇంకొకడు. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఆ ఇద్దరూ ఒక్కడే. మాట మారడానికి కారణం, నీళ్లు ఎవరి ఇంట్లోకి వచ్చాయన్నదే.

నేను చెప్పబోయే ఊరు వాగు ఒడ్డున ఉంది. దానికి ఆనుకుని ఒక లంబాడీ తండా. ఊళ్లో బుచ్చిరెడ్డి అనే పెద్ద రైతు ఉండేవాడు, అందరూ పటేలు అనేవారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ పేర్లు రాయించుకుంటుంటే ఆయన పేర్లు కొట్టించేవాడు. అంతకు ముందెప్పుడో వడగళ్లకు పంట పోయినప్పుడు జాబితాలో దొంగపేర్లు చేరాయట. తనిఖీలో అవి బయటపడి, నిజంగా నష్టపోయినవాళ్ల పేర్లు కూడా వాటితోపాటు ఎగిరిపోయాయట. "ఒక్క దొంగపేరు రాస్తే పది అసలు పేర్లు పోతయి డాక్టర్ సాబ్" అని నాతో మొదటిరోజే అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆయన నాలుగు బర్రెల్లో ఒకటి వాగులో పోయింది. కళేబరం దొరకలేదు. తన పేరు కూడా రాయవద్దన్నాడు. మనిషి మొండివాడే గాని, ఆ మొండితనం తన మీద కూడా చూపించాడు.

అదే రోజు తండా నుంచి బానోతు సక్రి వచ్చింది. యాభై దాటిన మనిషి, బుచ్చిరెడ్డి పొలంలో కూలి చేసేది. ఆమెకున్నది ఒకే బర్రె. దాని పాలు కేంద్రంలో పోస్తేనే ఇల్లు గడిచేది. దాన్ని బుచ్చిరెడ్డి కొట్టం పక్కనే చిన్న పందిరి కింద కట్టేది. బర్రె వాగులో పోయింది, కళేబరం లేదు. ట్యాగు కూడా లేదు, ఎందుకంటే మావాళ్లు టీకాలకు వచ్చిన రోజు ఆమె నాట్లకు పోయింది. "ఏ ఆధారమూ లేనిదే నేను రాయలేనమ్మా" అని చెప్పి పంపేశాను. నేను రెండో ప్రశ్న వేయలేదు. అది నా తప్పు.

రెండురోజుల తరువాత బుచ్చిరెడ్డి బర్రెలను చూడటానికి వెళ్లాను. వరద వచ్చిన తెల్లవారుజామున ఆయన భార్యను తీసుకుని హనుమకొండ దవాఖానలో ఉన్నాడు. మూడు బర్రెలు ఈదుకుంటూ మిట్ట ఎక్కి, ఒళ్లంతా గీరుకుపోయి, మర్నాడు ఇల్లు చేరాయి. "పలుపులు తెంపుకొని వచ్చినయ్. నా బర్రెలంటే గట్లుంటయ్" అని మురిసిపోయాడు. నేను గాయాలకు మందు రాస్తూ మెడలకు వేలాడుతున్న పలుపులు చూశాను. అవి నైలాన్ పలుపులు. ఏనుగు లాగినా తెగవు. ఒకవేళ తెగినా కొసలు పీచుపీచుగా ఉండాలి. ఈ మూడూ మెడకు జానెడు దూరంలో, ఒకే వాలుగా, నున్నగా తెగి ఉన్నాయి. ఎవరో కొడవలితో కోశారు.

ఆ కొట్టం పక్కన బర్రెను కట్టుకునేది సక్రి ఒక్కతే. అక్కడి నుంచి నేరుగా తండాకు నడిచాను. సక్రి ఇంటి ముందు ఒక దుడ్డె, అంటే బర్రె దూడ, కట్టేసి ఉంది. సక్రి దానికి పక్కింటివాళ్ల మేకపాలు సీసాతో తాగిస్తోంది. పళ్లు, బొడ్డు చూసి దాని వయసు నెలన్నర ఉంటుందని తేల్చాను. అంత దుడ్డె ఉన్నదంటే పాలిచ్చే తల్లి ఉండి తీరాలి. ఆ తరువాత పలుపుల సంగతి అడిగాను. సక్రి సీసా పక్కన పెట్టింది.

"నేనే కోసిన సారు. పటేలు నాలుగో బర్రె నేను కోసినంకనే పోయింది. చెప్తే, నువ్వే సంపినవంటడు. ఆ బర్రె పైసలు నేనేడికెంచి తేవాలె?"

చెప్పడమో, చెప్పకపోవడమో ఆమె ఇష్టమనీ, నా నోటి నుంచి ఆమె మాట రాదనీ అన్నాను. పంచనామా మాత్రం రాసి, వరద రోజు నుంచి ఆమె బర్రె లేదని తండావాళ్లిద్దరి సాక్ష్యం తీసుకున్నాను. మిగిలింది గ్రామసభ.

సభ బడి ఆవరణలో జరిగింది. నేను పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాను. సక్రి పేరు రాగానే, అనుకున్నట్టే, బుచ్చిరెడ్డి లేచాడు.

"బర్రె ఉండె, కాదన. వాగుల పోయిందో, అమ్ముకున్నదో ఎవరికెర్క, కళేబరం కనిపియ్యలే. ఎట్ల రాస్తవు డాక్టర్ సాబ్? నాది గూడ ఒకటి పోయింది. నేను రాయించుకున్ననా?"

నా దగ్గర జవాబు ఉంది. మాట ఇచ్చాను కనుక నోరు కట్టేసుకుని నిలబడ్డాను. ఆ పేరు కొట్టేయాల్సి వస్తే, ఉద్యోగంలో అంతకు మించిన అన్యాయం నేను చేసి ఉండను. ఇంతలో వెనక, ఆడవాళ్ల మధ్య నుంచి సక్రి లేచింది.

"పటేలా, మీ బర్రెలు తెంపుకొని రాలే. నేనే కొడవలితోని కోసిన. నాలుగింటియి కోసిన. నాలుగోది లోతుకు పోయింది, కండ్లార సూసిన. నా దాని కాడికి వచ్చేసరికి గొంతులోతయింది. కోసిన గని, వాగు గుంజుకపోయింది. దుడ్డె ఒక్కటే చేతికి దొరికింది. మీ దాన్ని నేనే సంపిన అంటే అనుండ్రి."

బుచ్చిరెడ్డి ముఖం ఎర్రబడింది. ఆమె వైపు తిరిగి అడిగాడు.

"నీ దాన్ని ముందుగాల ఎందుకు కొయ్యకపోతివి?"

ఇదేం ప్రశ్న అన్నట్టు సక్రి ఆయన వంక చూసింది. "నీళ్లు మీ దిక్కు ముందొచ్చె గద."

బుచ్చిరెడ్డి బల్ల దగ్గరికి వచ్చి నా చేతిలోని కలం తీసుకున్నాడు. "కోసిన పలుపులు నా ఇంట్లనే ఉన్నయ్. సాక్షి సంతకం ఏడ పెట్టాలె?" అన్నాడు. తండావాళ్ల సంతకాల కింద తన సంతకం పెట్టాడు. మరి మీ బర్రె సంగతేమిటని అడిగాను. "దాన్ని సూసినోళ్లు లేరు గద" అన్నాడు, అంత జరిగాక కూడా. ఉన్నారు, ఇప్పుడే అందరి ముందు చెప్పింది అన్నాను. అక్కడికక్కడే రెండో పంచనామా రాశాను. వేలిముద్రకు సిరా డబ్బా తీయబోతే సక్రి వద్దంది. కూడబలుక్కుంటూ, పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు తానే రాసింది. ఆ పూట చప్పట్లు కొట్టినవాళ్లలో, తండాకిస్తే దండగ అన్నవాళ్లు కూడా ఉన్నారు.

తరువాత పై అధికారి తనిఖీకి వచ్చి ఇల్లిల్లూ తిరిగారు. ఆ ఊరి జాబితాలో ఒక్క పేరు మీద కూడా గీత పడలేదు. సాయం అందరికీ అందింది. నా ఉద్యోగంలో నేను సంతకం పెట్టిన కాగితాల్లో నాకు అన్నిటికన్నా గర్వంగా ఉన్నవి ఆ రెండు పంచనామాలే.

జనానికి సాయం మీద కోపం ఉండదు. తమకు తెలియకుండా రాసిన పేరు మీద ఉంటుంది. పైకి చదివిన పేరుకు ఆ ఊరే కాపలా కాస్తుంది. ఇది నేను అక్కడ నేర్చుకున్నాను. ఇంకొకటి చేదుగా నేర్చుకున్నాను. పశువును కట్టేసి ఉన్నట్టే వదిలేసి పారిపోయినవాడికి చూపించడానికి కళేబరం మిగులుతుంది. నీళ్లలోకి దిగి పలుపు కోసినవాళ్లకు ఏమీ మిగలదు. మా కాగితం మొదటివాణ్ణి నమ్మి, రెండోవాళ్లను అనుమానించేలా తయారైంది. ఈ మాట పై అధికారులకు రాశాను. జవాబు రాలేదు, కాగితమూ మారలేదు. నా చేతిలో ఉన్నది మాత్రం చేశాను. మిగిలిన ఉద్యోగకాలంలో, ఆధారం లేదని వచ్చిన మనిషిని రెండో ప్రశ్న వేయకుండా తిప్పి పంపలేదు.