అక్క గదవ కదలలేదు

అక్క చేతులకెళ్లి కత్తెర జారి పడుడు మొదలైన నెలకు, నిజామాబాద్‌ల నరాల డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోయిన. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన చేతులవి. చాట ఒళ్లో పెట్టుకొని, మెడ వంచి, ముచ్చట చెప్పుకుంటనే ఆకు మడిచేది. గసొంటి మనిషికి జాకెట్ హుక్కులు పెట్టుకొనుడు గూడ వస్తలేదు. నడిస్తే కాళ్లు తడబడుతున్నయ్.

బోధన్ బస్సుల అక్క ఒక్కటే అడిగింది. "మెదడుకొచ్చిందేమోరా. మాట పోతదా?"

"ఏం గాదక్క" అన్న. నాకూ అదే భయం.

డాక్టరమ్మ రబ్బరు సుత్తెతో మోకాలి కింద కొట్టింది. కాలు గట్టిగ ఎగిరింది. మోచేతి కాడ కొడితే చెయ్యి గూడ గట్లనే. ఆ తర్వాత నోరు కొద్దిగ తెరువుమని, గదవ మీద, కింది దవడ కాడ, వేలు పెట్టి, ఆ వేలి మీద మెల్లగ కొట్టింది. మళ్లోసారి కొట్టింది. గదవ కదలలేదు.

నేను ముందుకు జరిగి అడిగిన. "గదవ పని చేస్తలేదా, మేడం?"

"మంచిగనే ఉంది. మోకాలు ఎగరాలె గని ఇంత ఎగరొద్దు. దవడ అట్ల గాదు, బాగున్నోళ్లకు గూడ కదిలీ కదలనట్టుంటది. మెదడుల తేడా ఉంటే అదీ మోకాలి లెక్కనే ఎగురుతుండె. చేతులకు, కాళ్లకు పోయే నరాలు మెడల నుంచి దిగుతయ్. దవడవి మెడ దాక రావు, పైనుంచే వస్తయ్. నాకైతే తిప్పలు మెడలనే అనిపిస్తుంది. స్కానింగ్ తీద్దాం."

అక్క అందులకెళ్లి ఒక్కటే ఏరుకున్నది. "అయితే మాట పోదు."

స్కానింగ్ కాడ కూసున్నప్పుడు ఆమె మొఖమే చూసిన. చిన్నప్పుడు రెంజల్ తొవ్వల చెరుకు బండ్ల ఎనక పోతుంటిమి. గనుపు నా పండ్లకు తెగకుంటే అక్కనే కొరికి, తొక్క చీల్చి, మెత్తటి ముక్క నాకిచ్చేది. గనుపు తను నమిలేది. గా దవడ ఇంక గట్లనే ఉన్నది.

డాక్టరమ్మ అన్నట్టే మెడల ఎముక ఆ నరాలను ఒత్తుతున్నది. ఆపరేషన్ అయినంక నడక కుదిరింది. వేళ్లకు మాత్రం పాత పనితనం రాలేదు. పని లేని చేతులతోని, బీడీలు చుట్టిన ఆ వాకిట్ల కూసోలేనని బాల్కొండల ఉన్న తన బిడ్డ దగ్గరికి పోయింది.

మా పక్కనే ఉన్న అక్క ఇంటికి తాళం. ఆమెతో కలిసి బీడీలు చుట్టినోళ్లు అటు పోతూ ఆగుతరు.

"మీ అక్క ఎప్పుడొస్తదిరా?"

"వానలు పోయినంక" అంటున్న. ఆమె నాకట్ల ఎన్నడు చెప్పలేదు.